నిలబడే కాలు

మా చెల్లెలు పళ్ళు తోముకునేది ఒంటికాలి మీద. ఎడమకాలు మడిచి కుడి మోకాలికి ఆనించి, కళ్ళు మూసుకుని, నోటినిండా నురగతో ఏదో పాట కూనిరాగం తీసేది. నేను దాన్ని కొంగా అని పిలిచేదాన్ని. తువ్వాలు భుజాన వేసుకుని నా వంతు కోసం చూసి చూసి విసుగొచ్చి, ఒకసారి పక్కటెముకల దగ్గర గట్టిగా గిల్లాను. ఊగలేదు సరికదా, కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టేసుకుంది.

ఆ అలవాటు నేర్పింది మా ఆయన. ఆయన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. మా పెళ్ళయిన కొత్తలో చెల్లెలికి పదమూడేళ్ళు, మా దగ్గరే ఉండి చదువుకునేది. ఇంటి వెనక సందులో దానికి బంతి ఆడించేవాడు. "తన్నే కాలు జనం చూడ్డానికి మరదలా, నిలబడే కాలు ఆడ్డానికి" అని దాని బుర్రకెక్కించాడు. అది తన్నేది ఎడమకాలితో. కాబట్టి కుడికాలు రాయిలా ఉండాలని పొద్దునా సాయంత్రం దాన్ని ఒంటికాలి మీద నిలబెట్టేవాడు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి అది ఆయన జట్టులోనే అందరికన్నా బాగా ఆడే పిల్ల అయింది.

నేను అదే క్లబ్బులో ఫిజియోని. పట్టేసిన పిక్కలు, బెణికిన చీలమండలు నా పని. దాంతో పాటు ఏటా ఆటలు మొదలయ్యే ముందు ఒక పరీక్ష చేస్తాను. చాలా చిన్న పరీక్ష. చేతులు నడుం మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒంటికాలి మీద ఇరవై సెకన్లు నిలబడాలి. ముందు గచ్చు మీద, తర్వాత మెత్తటి స్పాంజి దిమ్మ మీద. ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు. చెయ్యి నడుం వదిలితే తప్పు. కళ్ళు తెరిస్తే తప్పు. రెండో కాలు కిందికి తగిలితే తప్పు. మొత్తం ఎన్ని తప్పులో కాగితం మీద రాసి దాచుకుంటాను. ఆటల్లో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. పాత లెక్క కన్నా మూడు మించి పెరిగితే ఆ పిల్ల తల ఇంకా తేరుకోలేదని అర్థం. పెరగకపోతే, తలనొప్పీ గిలనొప్పీ లేదంటే, సంతకం పెడతాను. నా సంతకం లేకుండా ఎవరూ మైదానంలోకి దిగడానికి వీల్లేదు.

ఆ సంతకం గురించి నాకు కాస్త పొగరు ఉండేది, ఎందుకు దాచడం. అంతకు ముందు ఏడాది జట్టు కెప్టెన్‌ని ముఖ్యమైన ఆటకి ఆపేశాను. క్లబ్బు అధ్యక్షుడు ఫోన్ చేసి బతిమాలాడు, తర్వాత గద్దించాడు. నేను వినలేదు. అప్పట్నుంచి నా వెనక నన్ను "గేటు" అనేవారు. నాకు తెలుసు. వినపడనట్టు నటించి లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆ ఏడాది పరీక్షలు ప్రాక్టీసు అయ్యాక పెట్టుకోమన్నాడు మా ఆయన.

"అలిసిపోయిన కాళ్ళతో లెక్క సరిగ్గా రాదండీ. పొద్దున్నే పెట్టండి" అన్నాను. మైదానంలో ఆయన్ని మీరు అంటాను, ఇంట్లో నువ్వు అంటాను. పిల్లల ముందు కోచ్‌కి ఆ మాత్రం మర్యాద ఉండాలని నేను పెట్టుకున్న పద్ధతి.

"పొద్దున హాలు ఖాళీ ఉండదు. అయినా అలసట అందరికీ ఒకటే కదా" అన్నాడు.

నిజమే అనిపించింది. పద్దెనిమిది మంది మూడు రోజులు విడతలు విడతలుగా వచ్చారు. చెమటలు కక్కుతూ, నీళ్ళ సీసాలు గోడవారన పెట్టి, ఒక్కొక్కరే దిమ్మ ఎక్కారు. రెండో రోజు మా చెల్లెలి వంతు వచ్చింది. చేతులు నడుం మీద పెట్టింది, కళ్ళు మూసుకుంది, కాలు ఎత్తింది, ఊగడం మొదలుపెట్టింది.

నిజంగా తూలే మనిషికి ముందు చీలమండ వణుకుతుంది. భుజాలు ఆ తర్వాత. దాని చీలమండ గచ్చులో పాతిపెట్టినట్టుంది. భుజాలు మాత్రం అటూ ఇటూ పోతున్నాయి. చూశాను. పదేళ్ళుగా చేస్తున్న పని, చూడకుండా ఎలా ఉంటాను?

"ఏమే కొంగా, ఇంట్లో గిల్లినా ఊగవు. ఇక్కడేంటి ఈ నాట్యం?"

"నువ్వు వాచీ పట్టుకుని అలా చూస్తుంటే భయమేస్తోందక్కా."

అంత మాటకి ఉబ్బిపోయాను. సొంత చెల్లెలు కూడా గేటుకి జంకుతోందంటే మాటలా! పద్నాలుగు తప్పులు అని కాగితం మీద రాసి, తర్వాతి పిల్లని పిలిచాను.

రెండు వారాల తర్వాత మా ఆయన ఆడబోయే పదకొండు మంది పేర్లూ బోర్డు మీద అంటించాడు. ఆటలు మొదలయ్యాయి.

ఆ ఏడాది జట్టు బాగా ఆడింది. మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే పై మెట్టు పోటీలకి వెళ్తుంది. నిలవకపోతే కోచ్‌ని మారుస్తారని క్లబ్బులో గుసగుసలు. ఇంట్లో ఆయన తింటూ తింటూ కంచంలో వేలితో గీతలు గీసేవాడు. చెల్లెలు ఎదురుగా కూర్చుని "బావా, అక్కడ నేనుండను, ఇక్కడుంటాను" అని ఆ గీతలు చెరిపేది. ఇద్దరి మధ్యా కూర చల్లారిపోయేది. నేను వాళ్ళని తిడుతూ సంతోషంగా ఉండేదాన్ని.

అయిదో ఆటలో బంతి కోసం గాల్లోకి ఎగిరినప్పుడు దాని తలా, అవతలి జట్టు పిల్ల తలా ఢీకొన్నాయి. ఆ చప్పుడు నా బెంచీ దాకా వినబడింది. పరుగెత్తుకెళ్ళి బయటికి తీసుకొచ్చాను. నాలుగు రోజులు మంచం దిగనివ్వలేదు. అయిదో రోజు హాల్లో దిమ్మ మీద నిలబెట్టాను. పదిహేను తప్పులు వచ్చాయి.

"తలనొప్పి ఉందా?"

"లేదు."

"వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా? వికారం?"

"అబ్బా అక్కా, పోలీసులు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు."

పాత లెక్క పద్నాలుగు, కొత్త లెక్క పదిహేను. మా ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏమంటారు మేడమ్?" అన్నాడు, నలుగురిలో నన్ను అలాగే పిలిచేవాడు. "దిగొచ్చు" అన్నాను. "మీ మాటే ఆఖరు మాట" అన్నాడు. సంతకం పెట్టాను.

ఆ వారమంతా చెల్లెలు బేసిన్ దగ్గర రెండు కాళ్ళ మీదే నిలబడి పళ్ళు తోముకుంది. పాట కూడా లేదు. నా వంతు తొందరగా వస్తోందని సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడో ఆటలో దానికి తగిలింది దెబ్బని కూడా అనలేం. మూల నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టింది, రోజూ వందసార్లు కొట్టినట్టే. కిందికి దిగి కుడికాలి మీద వాలింది. ఆ కాలు దాన్ని మొయ్యలేదు. గడ్డిలో చతికిలబడి, చెప్పు పోగొట్టుకున్న పిల్లలా చుట్టూ వెతికింది. నేను దగ్గరికి వెళ్ళేసరికి మొహంలోకి చూసి, "అక్కా, మనం ఏ వైపు ఆడుతున్నాం?" అని అడిగింది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు మోకాలికి పట్టీ కట్టుకుని కుంటుతూ వచ్చాడు. దాన్ని పరీక్షించి, గదిలో వెలుతురు లేకుండా పడుకోబెట్టమన్నాడు. మొదటి దెబ్బ మానకుండానే రెండోది తగిలిందన్నాడు. ఆరు నెలలు బంతి మాటే ఎత్తొద్దు, ఆ తర్వాత కూడా ఆడుతుందో లేదో చెప్పలేనన్నాడు. తర్వాత నా కాగితాలు చూపించమన్నాడు.

"ఆటలకి ముందు పద్నాలుగా?"

"అవునండీ."

"ఈ వయసు పిల్లకి? రోజూ ఆడే పిల్లకి? అమ్మా, నాకు మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలైంది. నేను నిలబడితే పది వస్తాయి."

ఆయన వెటకారంగా అన్న మాట కాదది. ఆశ్చర్యపోయి అన్నాడు. అందుకే నాకు గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు లోపలి గదిలో పడుకుని ఉంది. నేను ముందు గదిలో పద్దెనిమిది కాగితాలూ నేల మీద పరిచాను. వచ్చిన వరసలో దాచుకున్నాను కాబట్టి అంతకు ముందు నాకేమీ కనబడలేదు. ఇప్పుడు తక్కువ తప్పులున్నవి ఒక పక్కకి, ఎక్కువ ఉన్నవి ఒక పక్కకి వేశాను. నాలుగు, అయిదు, మూడు, ఆరు... ఇవి ఏడుగురివి. పన్నెండు, పద్నాలుగు, పదమూడు, పదహారు... ఇవి పదకొండు మందివి. పేర్లు చూశాను. ఆ ఏడుగురూ బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఆ పదకొండు మందీ ఆడేవాళ్ళు.

అదే ఎండలో పరుగెత్తి వచ్చినవాళ్ళే అందరూ. బెంచీ వాళ్ళు స్తంభాల్లా నిలబడ్డారు, ఆడేవాళ్ళు తూలారు. పైగా నేను పరీక్షలు చేసిన రోజుకి ఆ పదకొండు మంది ఎవరో ఎవరికీ తెలియదు. బోర్డు మీద పేర్లు పడింది రెండు వారాల తర్వాత. అప్పటికి తెలిసింది ఒక్క మనిషికే.

నేను అలా కూర్చుని ఉండగానే, అందరూ నిచ్చెన అని పిలిచే పిల్ల వచ్చింది. జట్టులో అందరికన్నా పొడుగు పిల్ల, రెండేళ్ళుగా బెంచీ దిగలేదు. చెల్లెల్ని చూడ్డానికి పళ్ళు తెచ్చింది. నేల మీద కాగితాలు చూసి, తన కాగితం ఎక్కడుందో వెతుక్కుంది.

"మూడే మేడమ్ నావి. అందరికన్నా నేనే ఫస్టు కదా?"

"పరీక్షల ముందు మీకు ఎవరైనా ఏమైనా చెప్పారా?"

అది కాసేపు పళ్ళ సంచీ ముడి విప్పుతూ కూర్చుంది. "మాకు కాదు మేడమ్. సారు పదకొండు మందిని పక్కకి పిలిచి మాట్లాడారు. మేం కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నాం. లెక్కపెట్టాను, పదకొండు. అప్పుడే అర్థమైంది, ఈ ఏడాది కూడా నాకు బెంచీయే అని. ఏడుపొచ్చింది. కనీసం మీ పరీక్షలోనైనా ముందుండాలని బాగా నిలబడ్డాను."

అది వెళ్ళాక లోపలి గదిలోకి వెళ్ళాను. చెల్లెలు కళ్ళ మీద తడిబట్ట వేసుకుని పడుకుంది. మంచం అంచున కూర్చున్నాను.

"బావ చెప్పాడా?"

ఏం చెప్పాడని అది అడగలేదు. బట్ట కింద నుంచి గొంతు మాత్రం వచ్చింది. "ముందే ఎక్కువ తప్పులు చేసి పెడితే, తర్వాత దెబ్బ తగిలినా లెక్క కలుస్తుందన్నాడు. ఒక్క సీజనే అన్నాడు."

"తలనొప్పి లేదన్నావు."

"ఉంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఆపేసేదానివి కదక్కా."

సాయంత్రం ఆరింటికి ప్రాక్టీసు నుంచి మా ఆయన వచ్చాడు. గుమ్మంలో బూట్ల తాళ్ళు విప్పుతూ నేల మీద కట్టలు చూశాడు. ఒక దాని మీద పదకొండు అనీ, ఒక దాని మీద ఏడు అనీ రాసిపెట్టాను. ఒక బూటు కాలికి ఉండగానే ఆగిపోయాడు.

"అందరు కోచ్‌లూ చేసేదే" అన్నాడు చివరికి. "నేనేం కొత్తగా కనిపెట్టలేదు."

"మన పిల్ల అది."

"దానికే తగులుతుందని నేను కలగన్నానా? ఓడిపోతే నా ఉద్యోగం పోతుంది, దాని ఆటా పోతుంది. ఇద్దరి కోసమూ చేశాను."

"నాకొక మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు."

"అదే మరి. ఇంకెవరు సంతకం పెట్టినా పైవాళ్ళు వంద ప్రశ్నలు అడుగుతారు. నువ్వు పెడితే ఎవరూ అడగరు. నీ చేతి మీద అందరికీ అంత నమ్మకం."

మెచ్చుకోలుగా అన్నాడు ఆ మాట. నిజంగానే మెచ్చుకుంటున్నాననుకున్నాడు. పదేళ్ళు ఒక్కరి కోసమూ వంచకుండా కాపాడుకున్న నిజాయితీ ఆయనకి అలా పనికొచ్చింది. అధ్యక్షుడు గద్దించినా తెరుచుకోని గేటుని ఆయన నా చేత్తోనే తెరిపించాడు, అదీ నాకు తెలియకుండా. అరుద్దామనుకున్నాను.

"మీరు కాస్త నెమ్మదిగా మాట్లాడండి. అది పడుకుంది" అన్నాను.

ఆయన రెండో బూటు విప్పబోతూ తలెత్తి నా వైపు చూశాడు. తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో నేను ఆయన్ని మీరు అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఎప్పుడూ నువ్వు అనలేదు.

క్లబ్బుకి ఉత్తరం రాశాను. పదకొండు మంది లెక్కలూ చెల్లవనీ, మళ్ళీ పరీక్షించే దాకా ఎవర్నీ దింపొద్దనీ, తప్పు లెక్క మీద సంతకం పెట్టింది నేనేననీ ఏదీ దాచకుండా రాశాను. వారం తర్వాత మీటింగు పెట్టారు. పొడుగాటి బల్లకి అటు అధ్యక్షుడు, మరో ముగ్గురు. ఇటు నేను, మా ఆయన, మధ్యలో ఖాళీ కుర్చీ. పిల్లల్ని ఒక్కొక్కరినే ఆ కుర్చీలోకి పిలిచారు.

పదిమందీ తమకెవరూ ఏమీ చెప్పలేదన్నారు. అలిసిపోయి ఉన్నాం, అందుకే తూలాం అన్నారు. నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. నిచ్చెనని నేనే పిలవమన్నాను. అది కుర్చీ అంచున కూర్చుని, కుళాయి దగ్గర చాలా రద్దీగా ఉందనీ, తాను ఎవర్నీ చూడలేదనీ చెప్పింది. అంతకు ముందు ఆదివారమే అది మొదటిసారి పదకొండు మందిలో ఆడింది. మా చెల్లెలి స్థానంలో.

చివర మా చెల్లెలు నల్లకళ్ళజోడు పెట్టుకుని, గోడ పట్టుకుని వచ్చింది. దాన్ని చూడగానే నా ప్రాణం కుదుటపడింది. ఇది చెబుతుంది, అనుకున్నాను. అధ్యక్షుడు గొంతు తగ్గించి అడిగాడు.

"పరీక్షకి ముందు కోచ్ గారు నీతో ఏమైనా అన్నారా అమ్మా?"

అది నా వైపు చూడలేదు. మా ఆయన వైపూ చూడలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని, "నాకేం గుర్తులేదండీ" అంది.

తలకి దెబ్బ తగిలిన పిల్ల గుర్తులేదంటే ఎవరు కాదంటారు? అధ్యక్షుడు పాపం అన్నట్టు తలూపాడు. తర్వాత నా వైపు తిరిగి, "సంతకం మీదేనా?" అని అడిగాడు. నాదేనన్నాను. కోచ్ ఏదైనా కాగితం మీద రాశాడా అని అడిగాడు. లేదన్నాను. ఇంక మాట్లాడ్డానికి ఏముంది? నన్ను మాన్పించారు. హాలు తాళంచెవి, వాచీ బల్ల మీద పెట్టి వచ్చేశాను. స్పాంజి దిమ్మ నా సొంతం కాబట్టి చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

జట్టు రెండో స్థానంలో నిలిచింది. మా ఆయన్ని ఇంకో మూడేళ్ళు ఉండమన్నారు. సీజన్ అయ్యేదాకా క్లబ్బు గదిలో ఉంటానని బట్టలు సర్దుకున్నాడు. ఉండండి అన్నాను. సీజన్ అయిపోయింది. ఆయన రాలేదు, నేను పిలవలేదు.

చెల్లెలు మాత్రం నా దగ్గరే ఉంది. ఎక్కడికి వెళ్తుంది? గది దాటాలంటే గోడ కావాలి. బేసిన్ దగ్గర ఒక చేత్తో కుళాయి పట్టుకుని, రెండో చేత్తో పళ్ళు తోముకుంటుంది. మీటింగులో అన్న మాట గురించి నేను అడగలేదు. నాతో చెప్పిన మాట కూడా నిజంగానే మరిచిపోయిందేమో అని రోజుకి పదిసార్లు నాకు నేనే చెప్పుకునేదాన్ని. డాక్టరు కూడా అలా జరగొచ్చన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే దానికి అన్నం పెట్టాను, తల దువ్వాను.

వారానికోసారి ఇంట్లోనే దాన్ని నిలబెట్టి లెక్క రాయమన్నాడు డాక్టరు. మొదట్లో రెండు సెకన్లు కూడా నిలవలేదు. మూడో నెలలో ఒక పొద్దున, ముందు గదిలో కిటికీ తెరలు దించి, దిమ్మ వేసి, పక్కనే నిలబడ్డాను. చేతులు నడుం మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. కుడికాలి చీలమండ ముందు వణికింది. ఆ తర్వాతే భుజాలు. ఇరవై సెకన్లు, ఇంకో ఇరవై, ఇంకో ఇరవై, ఇంకో ఇరవై. ఆఖర్న పడబోయి నా భుజం పట్టుకుంది.

"ఎన్నక్కా?" అంది రొప్పుతూ.

"పద్నాలుగు."

చాలా రోజుల తర్వాత దాని మొహంలో నవ్వు లాంటిదేదో వచ్చింది. కళ్ళు ఇంకా మూసుకునే ఉంది. "అప్పుడు కూడా పద్నాలుగే కదా. నాట్యం అన్నావు" అంది.

గుర్తుందని బయటపడిపోయినట్టు అన్నాక దానికి తెలిసింది. నవ్వు ఆగిపోయింది. కళ్ళు తెరిచింది గానీ నా మొహం దాకా చూపు రాలేదు, దిమ్మ మీదే ఉండిపోయింది.

దాని చెయ్యి నా భుజం మీదే ఉంది. తీసి అవతల పారెయ్యాలనిపించింది. తీస్తే పడిపోతుంది. అది రెండో కాలు కింద పెట్టుకునే దాకా నేను కదలకుండా నిలబడ్డాను.